గుర్తులు తారుమారైన లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ‘+ అంటే ×, − అంటే ÷, × అంటే −, ÷ అంటే + అయితే 16 + 4 − 8 × 5 ÷ 12 విలువ ఎంత?’ ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా నాకు 27 వస్తోంది. పుస్తకంలో మాత్రం 15 అని ఉంది. తప్పు నాదా, పుస్తకానిదా?

జవాబు: పుస్తకంలో ఉన్నదే సరైనది. మీ 27 ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలిసిపోతోంది. మీరు గుర్తులను ఒకదాని తర్వాత ఒకటిగా, అదే వరుస మీద మార్చుకుంటూ పోయారు. మొదట + ను × చేశారు: 16 × 4 − 8 × 5 ÷ 12. తర్వాత − ను ÷ చేశారు: 16 × 4 ÷ 8 × 5 ÷ 12. మూడో మార్పు దగ్గర చిక్కు వచ్చింది. × ను − చేయాలి. కానీ అప్పటికే వరుసలో రెండు × లు ఉన్నాయి. ఒకటి లెక్కలో మొదటినుంచీ ఉన్నది, రెండోది మీరే + ను తీసేసి పెట్టినది. రెండూ కలిసి − లైపోయాయి. నాలుగో మార్పులో ÷ లకూ ఇదే గతి పట్టి, చివరికి 16 − 4 + 8 − 5 + 12 మిగిలింది. దాని విలువ 27.

మార్పులన్నీ ఒకేసారి జరిగినట్టు లెక్క. అందుకే ఇచ్చిన వరుసను అస్సలు ముట్టుకోకండి. దాని కింద సంఖ్యలు మాత్రమే, మధ్యలో ఖాళీలు వదిలి దించుకోండి: 16 __ 4 __ 8 __ 5 __ 12. ఇప్పుడు ఎడమనుంచి ఒక్కో ఖాళీ తీసుకుని, పై వరుసలో అక్కడున్న గుర్తు ఏమిటో చూసి, దాని కొత్త అర్థాన్ని ఖాళీలో రాయండి. నింపిన ఖాళీని మళ్లీ మార్చకండి. 16 × 4 ÷ 8 − 5 + 12 వస్తుంది. 64 ÷ 8 = 8, అందులోంచి 5 పోతే 3, దానికి 12 కలిపితే 15.

దీంట్లోనే ఇంకో ఉచ్చు ఉంది, అది భాషలో ఉంటుంది. ‘+ అంటే ×’ అన్నప్పుడు కాగితం మీద + కనిపిస్తే గుణించాలి. ‘కూడికను × తో సూచిస్తే’ అన్నప్పుడు వ్యవహారం తిరగబడుతుంది: కాగితం మీద × కనిపిస్తే కూడాలి. రెండు గుర్తులు పరస్పరం మారినప్పుడు ఏ వైపునుంచి చదివినా తేడా రాదు. నాలుగు గుర్తులు గొలుసుగా తిరిగినప్పుడు మాత్రం జవాబు మారిపోతుంది. పై లెక్కనే తలకిందులుగా చదివితే 16 ÷ 4 × 8 + 5 − 12, అంటే 25 వస్తుంది. ప్రశ్న తయారుచేసేవారికి ఈ సంగతి తెలుసు కాబట్టి ఆప్షన్లలో 25 కూడా ఉండే అవకాశం ఎక్కువ. ‘అంటే’, ‘బదులు’, ‘తో సూచిస్తే’ అనే మాటల కింద గీత గీసుకున్నాకే లెక్కలోకి దిగండి.

ప్రశ్న: +, × ఒకదాని స్థానంలోకి ఒకటి వస్తే 6 + 5 × 4 ఎంత? నేను 54 అంటున్నాను, అన్నయ్య 34 అంటున్నాడు.

జవాబు: అన్నయ్య చెప్పింది సరైనది. మార్చి రాస్తే 6 × 5 + 4. ముందు గుణకారం 30, తర్వాత కూడిక, మొత్తం 34.

మీరు మార్చి రాయకుండా పాత వరుస చూస్తూనే మనసులో చేశారు. ‘5 × 4’ అన్న ముక్క కంటబడగానే అలవాటు ప్రకారం అదే ముందు చేయాలనిపించింది. × ఇప్పుడు కూడిక కాబట్టి 5, 4 కలిపి 9 చేశారు. ఆ తర్వాత 6 తో గుణిస్తే 54. అంటే అర్థం కొత్త గుర్తుది తీసుకుని, వరుసక్రమం పాత గుర్తుది తీసుకున్నారు. ముందు ఏది చేయాలన్నది గుర్తు ఆకారాన్ని బట్టి ఉండదు, అది సూచించే పనిని బట్టి ఉంటుంది. గుణకారం + వేషంలో ఉన్నా గుణకారమే, కూడిక కన్నా ముందే జరగాలి. ఈ రకం లెక్కల్లో మాకు కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే, అందుకే నొక్కి చెబుతున్నాం.

అయితే అదే లెక్క 6 + (5 × 4) అని బ్రాకెట్‌తో ఉండి ఉంటే మీ 54 సరైన జవాబయ్యేది. బ్రాకెట్లు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి, లోపలి గుర్తు మాత్రమే మారుతుంది: 6 × (5 + 4).

బోడ్మాస్ (బ్రాకెట్లు, ఆఫ్, భాగహారం, గుణకారం, కూడిక, తీసివేత అనే క్రమం) అక్షరాలను వరుసగా బట్టీపట్టినవారికి ఇంకో ఇబ్బంది ఉంది. అందులో కూడిక తీసివేత కన్నా ముందు ఉంది కదా అని 20 − 8 + 3 లో ముందు 8, 3 కలిపేసి 9 అంటారు. సరైన జవాబు 15. కూడిక, తీసివేత ఒకే మెట్టు మీద ఉంటాయి, ఎడమనుంచి ఏది ముందు వస్తే అది చేయాలి. గుణకారం, భాగహారం కూడా అంతే: 48 ÷ 6 × 2 అంటే 16, 4 కాదు. ‘ఆఫ్’ అన్న మాట మాత్రం భాగహారం కన్నా ముందు చేయడం మన పాఠ్యపుస్తకాల పద్ధతి. 24 ÷ 6 ఆఫ్ 2 అంటే 24 ÷ 12, అంటే 2. గుర్తుల మార్పిడిలో × మారుతుంది కానీ ‘ఆఫ్’ మారదు.

ప్రశ్న: ‘18 × 3 + 6 ÷ 4 − 7 = 23 నిజం కావాలంటే ఏ రెండు గుర్తులను పరస్పరం మార్చాలి?’ ఇలాంటివాటికి ఒక్కో జతా పెట్టి చూస్తుంటే సమయం చాలడం లేదు. దగ్గరదారి ఏమైనా ఉందా?

జవాబు: నాలుగు గుర్తుల్లోంచి రెండు ఎంచుకునే జతలు 6. ఆరింటినీ లెక్కకట్టడం వృథా. ముందు ÷ దగ్గర ఆగండి. కుడివైపు 23 పూర్ణసంఖ్య, వరుసలో ఉన్న ÷ ఒక్కటే. కాబట్టి ఆ భాగహారం శేషం లేకుండా తెగాలి. లేకపోతే మిగిలిన భిన్నాన్ని రద్దుచేసే రెండో భిన్నం ఎక్కడా లేదు.

ఇప్పుడు 6 ÷ 4 తెగదు. కానీ అంతమాత్రాన తేల్చేయకూడదు, ఇక్కడ చాలామంది తొందరపడతారు. ÷ చుట్టూ × వచ్చి చేరితే తెగే అవకాశం ఉంటుంది. ఉదాహరణకు 7 ÷ 2 విడిగా తెగదు, 7 ÷ 2 × 4 మాత్రం 14 అవుతుంది. అందుకే × పక్కకు వచ్చే వీలు కూడా చూడాలి. ÷ ను కదపకుండా × ను + స్థానంలోకి తెస్తే 3 × 6 ÷ 4, అంటే 4.5. × ను − స్థానంలోకి తెస్తే 6 ÷ 4 × 7, అంటే 10.5. +, − మారితే 6 ÷ 4 అలాగే ఉంటుంది. మూడూ తెగలేదు. కాబట్టి ÷ కదలాల్సిందే. సగం జతలు ఒక్క దెబ్బతో పోయాయి.

మిగిలినవి మూడు. ÷, − మారితే చివర 4 ÷ 7 వస్తుంది, అది విడిగా ఉంది, తెగదు, వదిలేయండి. ÷, + మారితే 18 × 3 ÷ 6 + 4 − 7 = 9 + 4 − 7 = 6. కాదు. ÷, × మారితే 18 ÷ 3 + 6 × 4 − 7 = 6 + 24 − 7 = 23. ఇదే. నిజంగా చివరిదాకా కట్టిన లెక్కలు రెండే.

ఒకే గుర్తు వరుసలో రెండు మూడు చోట్ల ఉంటే మార్పు అన్ని చోట్లా జరగాలి. ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోవడం మామూలు పొరపాటు. ఖాళీల పద్ధతిలో దింపుకుంటే అది దాదాపు జరగదు.

ప్రశ్న: +, − పరస్పరం మారే ఆప్షన్‌ను మొత్తం లెక్క మళ్లీ కట్టకుండా తేల్చే వీలుందా?

జవాబు: ఉంది, చాలా అందమైన వీలు. బ్రాకెట్లు లేని వరుసలో +, − లు లెక్కను ముక్కలుగా విడగొడతాయి. మొదటి ముక్క ముందు గుర్తు ఉండదు కాబట్టి అది మారదు. మిగిలినవాటిలో + ముక్కలు తీసివేతలోకి, − ముక్కలు కూడికలోకి వెళ్తాయి. దీనివల్ల విలువలో వచ్చే మార్పు ఎప్పుడూ − ముక్కల మొత్తంలోంచి + ముక్కల మొత్తం తీసేసినదానికి సరిగ్గా రెట్టింపు.

50 − 6 × 3 + 28 ÷ 4 = 61 అని ఇచ్చారనుకుందాం. ఉన్నది ఉన్నట్టు కడితే 50 − 18 + 7 = 39. కావలసింది 61, తేడా 22, అందులో సగం 11. − ముక్క 18, + ముక్క 7, వాటి తేడా కూడా 11. కాబట్టి +, − మార్పిడే జవాబు. సరిచూస్తే 50 + 18 − 7 = 61.

ముక్కలన్నీ పూర్ణసంఖ్యలైనప్పుడు ఇందులోంచి ఇంకా తేలికైన పరీక్ష వస్తుంది. మార్పు ఎప్పుడూ రెట్టింపు కాబట్టి సరిసంఖ్యే. ఇచ్చిన వరుస విలువ బేసి, కుడివైపున్నది సరి అయితే +, − మార్పిడిని చూడకుండానే కొట్టేయవచ్చు.

ప్రశ్న: ‘−, ÷ లను, 4, 8 లను పరస్పరం మార్చి 40 − 4 + 8 × 3 ÷ 2 విలువ కనుక్కోండి.’ 40 లో ఉన్న 4 ను కూడా 8 చేయాలా?

జవాబు: ప్రశ్నలో ‘సంఖ్యలు’ అని ఉందా, ‘అంకెలు’ అని ఉందా చూడండి. సంఖ్యలంటే 4 అనే సంఖ్య విడిగా ఎక్కడుంటే అక్కడే మారుతుంది, 40 వేరే సంఖ్య కాబట్టి దాని జోలికి పోకూడదు. అప్పుడు 40 ÷ 8 + 4 × 3 − 2 = 5 + 12 − 2 = 15. అంకెలంటే 40 లోని 4 కూడా మారి 80 అవుతుంది: 80 ÷ 8 + 4 × 3 − 2 = 10 + 12 − 2 = 20. రెండూ శుభ్రంగా తెగాయి కాబట్టి జవాబును చూసి ఏది సరైనదో ఊహించలేం. మీరు రాసినట్టు ఏ మాటా లేకుండా ఊరికే ‘4, 8’ అని ఉంటే సంఖ్యలుగానే తీసుకోవడం వాడుక. 15 ఆప్షన్లలో లేకపోతేనే 20 వైపు చూడండి.

సమీకరణం ఇచ్చినప్పుడు కుడివైపున్న సంఖ్యనూ మరిచిపోకండి. 4, 8 మారాలన్నప్పుడు కుడివైపు 8 ఉంటే అది కూడా 4 కావాలి.

ప్రశ్న: ఏ గుర్తుకు ఏ అర్థమో చెప్పకుండా ఉదాహరణలు మాత్రమే ఇచ్చారు. నాలుగు గుర్తుల్లో ఏదీ తన అసలు అర్థంలో లేదట. 4 × 2 = 2, 2 − 2 = 4, 6 + 3 = 18. దీన్నిబట్టి 8 + 6 × 4 ÷ 5 − 3 కనుక్కోమన్నారు. ÷ కు ఉదాహరణే ఇవ్వలేదు కదా?

జవాబు: ఇవ్వకపోయినా సరిపోతుంది, చక్కటి లెక్క ఇది. మొదటి రెండు ఉదాహరణలు చూడగానే తేల్చేయాలనిపిస్తుంది కానీ ఆ రెండూ రెండు అర్థాలకు పొసుగుతాయి. 4 లోంచి 2 తీసినా 2, 4 ను 2 తో భాగించినా 2. అలాగే 2, 2 కలిపినా 4, గుణించినా 4. ధన పూర్ణసంఖ్యల్లో తీసివేత, భాగహారం ఒకే జవాబిచ్చే జత 4, 2 ఒక్కటే. కూడిక, గుణకారం ఒకే జవాబిచ్చేది 2, 2 ఒక్కటే. ప్రశ్న తయారుచేసినవారు సరిగ్గా ఆ రెండింటినే ఏరి పెట్టారు.

అందుకే మూడో ఉదాహరణతో మొదలుపెట్టండి, దానికి ఒకే అర్థం ఉంది. 6, 3 నుంచి 18 రావాలంటే గుణకారమే. కాబట్టి + అంటే ×. గుణకారం ఖర్చయిపోయింది కనుక రెండో ఉదాహరణలో − అంటే + అని స్థిరపడింది. మిగిలిన ×, ÷ గుర్తులకు మిగిలిన అర్థాలు తీసివేత, భాగహారం. ఏ గుర్తుకూ తన అసలు అర్థం లేదన్నారు కాబట్టి ÷ అంటే భాగహారం కాకూడదు, అది తీసివేతే. × అంటే భాగహారం.

మార్చి రాస్తే 8 × 6 ÷ 4 − 5 + 3. 48 ÷ 4 = 12, 12 − 5 + 3 = 10.

నాలుగు గుర్తులకు నాలుగు అర్థాలు పంచే పద్ధతులు మొత్తం 24. ఏదీ తన చోట ఉండకూడదంటే 9 మాత్రమే మిగులుతాయి. ఆ ఒక్క వాక్యం 15 పద్ధతులను తుడిచిపెట్టింది. ప్రశ్నలో ఇలాంటి వాక్యం కనిపిస్తే అది అలంకారానికి పెట్టింది కాదు. మీ ÷ కు ఉదాహరణ లేకపోయినా జవాబు తేలడానికి కారణం అదే.

ప్రశ్న: = గుర్తు కూడా మారిపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కొత్త = ఎక్కడ పడుతుందో ముందు వెతకండి. అక్కడ వరుసను రెండుగా నరికి, ఒక్కో వైపు విడిగా కట్టండి. ఉదాహరణకు ‘+ అంటే =, = అంటే ×, × అంటే −, − అంటే +’ అయితే 5 = 4 × 6 + 8 − 6 నిజమా? మార్చి రాస్తే 5 × 4 − 6 = 8 + 6. ఎడమ 14, కుడి 14, నిజమే. పాత = దగ్గరే విరగొట్టాలని చూస్తే అస్సలు ముందుకు సాగదు. >, < లు కలిసినా పద్ధతి ఇదే. గుర్తుల బదులు అక్షరాలిచ్చినా (క అంటే +, గ అంటే − అన్నట్టు) పెద్ద తేడా లేదు. పైగా అక్షరాలకు పాత అలవాటు ఏదీ అంటుకుని ఉండదు కాబట్టి అవే తేలిక.

ప్రశ్న: ‘3 ★ 5 = 16 అయితే 4 ★ 7 ఎంత?’ అని పంపారు. నాకు 29 వచ్చింది, స్నేహితురాలికి 22 వచ్చింది. ఎవరిది సరైనది?

జవాబు: ఇద్దరిదీ తప్పని చెప్పలేం. మీరు గుణించి 1 కలిపారు: 3 × 5 + 1 = 16, కాబట్టి 4 × 7 + 1 = 29. ఆవిడ కూడి రెట్టింపు చేశారు: (3 + 5) × 2 = 16, కాబట్టి (4 + 7) × 2 = 22. ప్రశ్నే అసంపూర్ణంగా ఉంది. ఈ రెండు నియమాలూ కలిసే జత ధన పూర్ణసంఖ్యల్లో 3, 5 ఒక్కటే, కాబట్టి ఉదాహరణగా వేరే ఏ జత ఇచ్చినా ఈ గొడవ వచ్చేది కాదు.

ఇవి గుర్తుల మార్పిడి లెక్కలు కావని కూడా గమనించండి. మార్పిడిలో నియమం మీ చేతికి ఇస్తారు, మీరు దాన్ని పాటిస్తారు. ఇక్కడ నియమాన్నే ఊహించాలి. 5 + 3 = 28, 9 + 1 = 810, 8 + 6 = 214 అంటూ తిరిగేది కూడా ఈ కోవదే. అక్కడ జరిగేది రెండు సంఖ్యల తేడా రాసి, దాని పక్కనే మొత్తం రాయడం: 5 − 3 = 2, 5 + 3 = 8, పక్కపక్కన పెడితే 28. ఇలాంటివాటికి కనీసం రెండు మూడు ఉదాహరణలు ఉంటేనే చేయండి. ఒక ఉదాహరణ మీద నియమం కట్టి, మిగిలినవాటి మీద పరీక్షించండి. అన్నింటికీ పొసగని నియమం ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

ప్రశ్న: పిల్లలకు ‘ఏ రెండు గుర్తులు మార్చాలి’ తరహా ప్రశ్నలు నేనే తయారుచేస్తాను. 6 − 1 + 12 ÷ 4 × 3 = 6 అని ఇస్తే తరగతిలో రెండు జవాబులు వచ్చాయి, రెండూ సరిపోయాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?

జవాబు: ముందు ఆ రెండు జవాబులూ చూద్దాం. −, × మారితే 6 × 1 + 12 ÷ 4 − 3 = 6 + 3 − 3 = 6. −, ÷ మారితే 6 ÷ 1 + 12 − 4 × 3 = 6 + 12 − 12 = 6. నిజానికి +, × మారినా 6 − 1 × 12 ÷ 4 + 3 = 6 − 3 + 3 = 6, అంటే మూడో జవాబు కూడా ఉంది. మీ పిల్లలు ఇద్దరూ సరిగ్గా చేశారు, వారికి పూర్తి మార్కులు ఇవ్వాలి.

కారణాలు రెండు ఒకచోట కలిశాయి. ఒకటి, 1 తో గుణించినా భాగించినా ఒకే ఫలితం. రెండు, 12 సరిగ్గా 4, 3 ల లబ్ధం కావడంతో మిగతా భాగం రెండు రకాలుగానూ సున్నా అయిపోయింది. ఈ రెండో సంగతి కంటికి ఆనదు. అందుకే తయారుచేశాక సరిచూడడం తప్పనిసరి.

పద్ధతి ఇలా పెట్టుకోండి. నిజమైన సమీకరణం రాసుకోండి. రెండు గుర్తులు మార్చి పిల్లలకు ఇచ్చే వరుస తయారుచేయండి. ఆ వరుస మీద ఆరు జతలూ మీరే కట్టి, మార్చకుండా వచ్చే విలువ కూడా రాయండి. మొత్తం ఏడు విలువలు. కుడివైపు పెట్టే సంఖ్య ఆ ఏడింటిలో ఒక్కసారే రావాలి.

మీ లెక్కలో 1 తీసి 2 పెట్టి చూద్దాం: 6 − 2 + 12 ÷ 4 × 3. మార్చకుండా 13. +, − మారితే −1. +, × మారితే 6 − 2 × 12 ÷ 4 + 3, అంటే 3. +, ÷ మారితే 2 ÷ 12 వచ్చి భిన్నం. −, × మారితే 12. −, ÷ మారితే 3. ×, ÷ మారితే 20. కుడివైపు 12 పెడితే జవాబు ఒక్కటే, 20 పెట్టినా ఒక్కటే. 3 పెడితే మళ్లీ రెండు జవాబులు, పాత గొడవే. ఏడు విలువలూ రాసుకోకపోతే ఈ 3 సంగతి ఎవరికీ తట్టదు.

0, 1 లను, పక్కపక్కన 2, 2 ను, 4, 2 ను వాడకపోతే ఇబ్బందులు చాలా తగ్గుతాయి. ఇంకో సూచన: మూడు తప్పు ఆప్షన్లలో కనీసం రెండు పూర్ణసంఖ్యలు వచ్చేలా చూడండి. అన్నీ భిన్నాలే వస్తే ÷ ను చూసి పిల్లలు లెక్క చేయకుండానే జవాబు పెట్టేస్తారు, నేర్పాలనుకున్నది నేర్పినట్టు కాదు.

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. ‘+ అంటే ×’ లాంటివి చేయిస్తే అసలు గుర్తులే మరిచిపోదా అని భయంగా ఉంది.

జవాబు: గుర్తుకు అర్థం పుట్టుకతో రాదు, మనుషులు ఒప్పుకుంటే వస్తుంది. 1881లో దొరికిన బక్షాలీ వ్రాతప్రతి (పాతకాలపు భారతీయ గణిత గ్రంథం) ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో సంఖ్య తర్వాత + లాంటి గుర్తు ఉంటే అది రుణసంఖ్య! మనం కూడికకు వాడే ఆకారం అక్కడ తీసివేత వైపు పనిచేసింది. +, − లు అచ్చులో కనిపించింది 1489లో, జొహాన్నెస్ విడ్‌మన్ పుస్తకంలో. = ను 1557లో రాబర్ట్ రికార్డ్ తెచ్చారు, రెండు సమాంతర రేఖల కన్నా సమానమైనవి వేరే ఉండవని దానికి ఆయన చెప్పిన కారణం. × ను 1631లో విలియం ఆట్రెడ్, ÷ ను భాగహారానికి 1659లో యోహాన్ రాన్ వాడారు. దానికి ముందు ఐరోపాలో కొందరు అదే ÷ ను తీసివేతకు వాడేవారు. ‘÷ అంటే −’ అన్నది పరీక్ష కోసం పుట్టించిన వింత కాదన్నమాట.

అయినా మీ భయాన్ని తేలిగ్గా తీసుకోం. మామూలు గుర్తులతో 6 + 5 × 4 లాంటివి ఆగకుండా, తప్పుల్లేకుండా చేయగలిగేదాకా ఇవి మొదలుపెట్టకండి. మొదలుపెట్టినప్పుడు మూడు సంఖ్యలు, రెండే గుర్తులు. మార్చి రాసిన వరుసను పాప చేత పైకి చదివించండి: ‘ఆరు ఇంటూ ఐదు ప్లస్ నాలుగు’. చెవికి వినిపించేది కొత్త అర్థం కాబట్టి కన్ను పాత గుర్తు వైపు లాగదు. ఇచ్చిన వరుస ఒక రంగులో, మార్చిన వరుస ఇంకో రంగులో ఉంటే మరీ మంచిది. మామూలు హోంవర్క్‌లో + ఉన్నచోట గుణించడం కనిపిస్తే కొన్నాళ్లు ఆపేయండి.

ప్రశ్న: ‘7 __ 4 __ 18 __ 6 __ 5 = 30. +, −, ×, ÷ ఒక్కొక్కటి ఒక్కసారే వాడి ఖాళీలు నింపండి.’ 24 రకాలూ వేసి చూడాలా?

జవాబు: అక్కర్లేదు. ఇక్కడా ÷ తోనే మొదలు. 7, 4 మధ్య పెడితే తెగదు. పక్కన × వచ్చినా 7 ÷ 4 × 18 = 31.5. 4, 18 మధ్య పెడితే ముందు × వచ్చి 28 ÷ 18 అయినా, వెనక × వచ్చి 4 ÷ 18 × 6 అయినా తెగదు. 6, 5 మధ్య పెడితే 18 × 6 ÷ 5 కూడా తెగదు. మిగిలింది 18, 6 మధ్య స్థానం ఒక్కటే. 24 కాస్తా 6 అయ్యాయి.

× కు మూడు చోట్లు మిగిలాయి. 4, 18 మధ్య పెడితే 4 × 18 ÷ 6 = 12, అప్పుడు వరుస 7, 12, 5. మూడూ కూడినా 24 దాటదు, 30 రాదు. 6, 5 మధ్య పెడితే 18 ÷ 6 × 5 = 15, వరుస 7, 4, 15. అన్నీ కూడినా 26. అదీ పోయింది. 7, 4 మధ్యే పెట్టాలి: 28, 3, 5. ఇక 28 + 3 − 5 = 26, 28 − 3 + 5 = 30. జవాబు 7 × 4 − 18 ÷ 6 + 5.

ప్రశ్న: జవాబును కాలిక్యులేటర్ మీద సరిచూస్తే ఒక్కోదాంట్లో ఒక్కో విలువ వస్తోంది. ఎందుకు?

జవాబు: చిన్న కాలిక్యులేటర్లలో చాలావరకు మీరు నొక్కిన వరుసలోనే పని చేసుకుంటూ పోతాయి, గుణకారం కోసం ఆగవు. 7 + 2 × 3 నొక్కి చూడండి. 13 వస్తే అది ప్రాధాన్యక్రమం పాటిస్తోంది, అలాగే నమ్మవచ్చు. 27 వస్తే పాటించడం లేదు. అప్పుడు ×, ÷ ఉన్న ముక్కలను విడివిడిగా కట్టి కాగితం మీద రాసుకుని, చివర్లో కూడికలు, తీసివేతలు చేయండి. ఏ కాలిక్యులేటరైనా సరే, అందులోకి ఎక్కించాల్సింది మార్చి రాసిన వరుసనే.